లక్కయింటి ‘ఆగ్నేయ’ ద్రవ్యాలు

ఇట్టే అంటుకొని మంటను వ్యాపింపజేసే సరుకులకు ఒక్క మాట వెతుకుతుంటే, లక్కయిల్లు కట్టమని దుర్యోధనుడు పురోచనునికి చెప్పే వ్యాసుని శ్లోకం సగమే గుర్తుకు వచ్చింది: ‘శణసర్జరసాదీని యాని ద్రవ్యాణి కానిచిత్’ (జనుము, సర్జరసం మొదలైన ద్రవ్యాలు ఏవేవి ఉన్నాయో). తరువాత ‘ఆగ్నేయాని’ అని ఉన్నట్లు జ్ఞాపకం. తెలుగులో ఆగ్నేయం దిక్కుకే స్థిరపడింది కదా, గోదాము గోడ మీద ‘ఆగ్నేయ పదార్థాలు’ అని రాయవచ్చునా?

— ‘ఆగ్నేయాన్యుత సంతీహ తాని సర్వాణి దాపయ’ (ఆగ్నేయమైనవి ఇక్కడ ఏవున్నా అవన్నీ ఇప్పించు) అన్నది ఉత్తరార్ధం. అయితే ‘అగ్నేర్ఢక్’ అన్న పాణిని సూత్రం ప్రకారం అగ్ని దేవతగా గలదే ఆగ్నేయం. హవిస్సుకు చెల్లే మాట జనుముకు ఎలా చెల్లుతుందో ఆలోచించాలి.

— సూత్రంతోనే ఆగకూడదండీ. అగ్ని, కలి శబ్దాలకు ఇతరార్థాలలోనూ ఢక్ ప్రత్యయం (‘ఆగ్నేయ’లోని ‘ఏయ’) చెప్పాలన్న వార్తికం, అంటే సూత్రానికి అనుబంధ వాక్యం, ఉంది. కొవ్వు, నెయ్యి, లక్క కలిసిన వాసన పట్టిన ధర్మరాజు ‘వ్యక్తమాగ్నేయమిదం వేశ్మ’ (ఈ ఇల్లు ఆగ్నేయమని స్పష్టం) అని భీమునితో అన్నప్పుడు, ఆ ఇల్లు కాలడానికే కట్టినదన్న అర్థం తప్ప మరొకటి పొసగదు.

— నాకు ‘సర్జరసం’ ముఖ్యమనిపిస్తుంది. అది మన గుగ్గిలమే, అంటే సాల వృక్షపు బంక; సంస్కృత గుగ్గులు వేరే చెట్టుది, పేరు చూసి రెంటినీ ఒకటి చేయరాదు. పడవల అతుకులకు మా నాన్నగారు గుగ్గిలాన్ని నూనెలో కరిగించేవారు. ఒకసారి బానలో అంటుకుంటే నల్లని పొగ లేచింది, అంచు మీదుగా జారిన ప్రతి చుక్కా మండుతూనే నేల మీద పడింది. గోడ పూతలో అది ఎందుకు కలిపించారో నాకు ఆనాడే అర్థమైంది.

— గుగ్గిలం సంగతి బాగుంది గాని, వ్యాసుని ప్రతిభ అంతా విదురుని హెచ్చరికలో ఉంది. నిప్పు పేరెత్తకుండా ‘కక్షఘ్నః శిశిరఘ్నశ్చ’ అన్నాడు: ఎండుగడ్డిని చంపేది, చలిని చంపేది. ఇంత గొప్పగా నిప్పును చెప్పిన మాట నేను మరెక్కడా చదవలేదు.

— ‘కక్ష’ అంటే ఎండుగడ్డి అనే ఎందుకు, పొదలతో నిండిన అడవి కాకూడదా? ‘మహాకక్షే’ (పెద్ద కక్షలో) కలుగులో ఉన్నవాటిని అది కాల్చదని వెంటనే అన్నాడు కదా, కలుగులో దాగిన జీవిని కాల్చలేనిది కార్చిచ్చే అవుతుంది.

— అందరికీ నమస్కారం. గోడ మీద ఏమి రాయాలో ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి ‘మండే సరుకులు’ అని సుద్దతో రాసి ఉంచాను.

— సుద్దతోనే ఉంచండి. ‘కక్ష’ విషయమై నేను రేపు వివరంగా రాస్తాను.