వంటగదికి చెరకు పిప్పి బోర్డు మేలా, పాత ఇళ్ల టేకు మేలా?

తిరుపతి_గృహిణి: మేము కొన్న ఫ్లాటుకు వంటగది అరలు, పడకగది అల్మరాలు చేయించాలి. మా కోసం కొత్తగా చెట్టు నరకకూడదన్నది నా పట్టుదల. ఎలాగూ పారేసే పిప్పే కదా అని కాంట్రాక్టరు చెరకు పిప్పి బోర్డు వాడదామంటున్నారు. కూల్చిన పాత ఇళ్ల టేకు తెచ్చుకోమని మా మామగారు అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

చంద్రగిరి_వడ్రంగి: పాత టేకే చేయించుకోండమ్మా. పిప్పిని ఎండబెట్టి, జిగురు కలిపి, వేడి మీద అదిమితే బోర్డు అవుతుంది. ఆ జిగురు ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ఫార్మాల్డిహైడును మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. వేడి, తేమ పెరిగేకొద్దీ బోర్డు ఆ వాయువును ఎక్కువగా వదులుతుంది. తిరుపతి ఎండల్లో మూసి ఉంచిన గదిని తలచుకోండి. పైగా పిప్పి ఎవరూ పారేసే చెత్త కాదు. చక్కెర మిల్లులు దానినే బాయిలర్లలో మండించి ఆవిరి, కరెంటు తీసుకుంటాయి.

రేణిగుంట_డిజైనర్: సగం మాటే చెప్పారు. ఫార్మాల్డిహైడ్ కలపని ఎండీఐ జిగురుతోనూ బోర్డులు చేస్తారు. తక్కువ వాయువు వదిలే ఈ-1 తరగతి బోర్డులూ ఉన్నాయి. మరి పాత తలుపుల రంగు సంగతేమిటి? ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోనే అమలులోకి వచ్చింది. అంతకుముందు పూతలు పడిన తలుపును గీకితే లేచే ధూళిలో సీసం ఉండవచ్చు. అది చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

పలమనేరు_రాజా: ఏ బోర్డయినా అంచులు పూర్తిగా మూయించండి. సింకు కింద తడి తగిలితే ఉబ్బిపోతుంది.

చంద్రగిరి_వడ్రంగి: తడిపి గీకితే ధూళి లేవదు, ఆ పని ఇంటి బయట చేస్తాం. జిగురు వాయువును అలా బయట వదిలిపెట్టి రాగలరా? ఒక ఇంట్లో యజమాని కోరాడని బోర్డుతోనే అరలు చేశాను. మరలు పట్టు వదిలి తలుపులు వేలాడితే, నా కూలిలో కోత పెట్టారు.

రేణిగుంట_డిజైనర్: అది మర ఎంపికలో లోపం, బోర్డు లోపం కాదు. నేనూ పాత టేకు కొని నష్టపోయాను. లోపల విరిగి ఉండిపోయిన మేకులకు రంపం పళ్లు పోయాయి, కోసి చూస్తే చాలా దుంగలు గుల్ల. అమ్మినవాడు వెనక్కి తీసుకోలేదు. ఒక్క మాట సూటిగా అడుగుతున్నాను: మీరు కాపాడుతున్నది చెట్టునా, మీ కూలినా?

చంద్రగిరి_వడ్రంగి: కూలినే. అందులో దాచవలసింది ఏముంది? టేకు తలుపు పాతబడితే అర అవుతుంది, అర విరిగితే పీట అవుతుంది. ప్రతిసారీ ఒక మనిషి చేతికి పని దొరుకుతుంది. మీ బోర్డు పగిలితే అతికేవాడు లేడు, జిగురు ఉన్నందువల్ల పొయ్యిలో పెట్టడానికీ లేదు. బాగుచేయడానికి వీలులేని వస్తువును పర్యావరణం పేరుతో అమ్మడం నాకు సమ్మతం కాదు.

రేణిగుంట_డిజైనర్: ఆ టేకు ఎన్ని ఇళ్లకు సరిపోతుంది? కూలిపోయే మిద్దెలు కొన్నే, కట్టే ఫ్లాట్లు అనేకం. టేకు ధర భరించలేనివారు చివరికి కొత్త ప్లైవుడ్డే కొంటారు, అంటే మళ్లీ చెట్టే పడుతుంది. నాకు కావలసింది ఒక అందమైన ఇల్లు కాదు, సామాన్యుడు కొనగలిగే వస్తువు.

మదనపల్లె_టీచర్: అమ్మా, బిల్డరు వేసిన కడప బండల అరలు మీ వంటగదిలో లేవా?

తిరుపతి_గృహిణి: ఉన్నాయి. వాటిని పగలగొట్టించి బోర్డు పెట్టిస్తామన్నారు.

మదనపల్లె_టీచర్: అయితే తలుపులు మాత్రం చేయించండి. బండకు చెద పట్టదు, నీటికి ఉబ్బదు. ఉన్నదాన్ని పగలగొట్టి రాళ్ల గుట్టలో పోసిన తరువాత ఏ బోర్డు పెడితే ఏమి లాభం?

రేణిగుంట_డిజైనర్: బండల మధ్య సొరుగులు సరిగా అమరవు. నేటి వంటగది సొరుగులు లేకుండా నడవదు.

చంద్రగిరి_వడ్రంగి: చట్రం కట్టి అమర్చవచ్చు. కాకపోతే ప్రతి అరకూ విడివిడిగా కొలత తీయాలి.

రేణిగుంట_డిజైనర్: ఆ విడి కొలతలకు అయ్యే కూలి కూడా ఆమెకు ముందే చెప్పండి.

తిరుపతి_గృహిణి: చెప్పండి. బండలను మాత్రం పగలగొట్టనివ్వను. పడకగది అల్మరాల సంగతి ఇంకా తేలలేదు. జిగురు పరీక్ష పత్రం చూపించకుండా బోర్డు ఇంట్లోకి రానివ్వనని కాంట్రాక్టరుకు చెప్పాను.