గర్భసంచి తీసివేశాక కూడా హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చింది, ఎలా అర్థం చేసుకోవాలి?

తులసివనం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నా వయసు యాభై దాటింది. ఫైబ్రాయిడ్ల వల్ల రక్తస్రావం విపరీతంగా అవుతుండటంతో కొన్నేళ్ల క్రితం నాకు గర్భసంచి తీసివేశారు. దానికి చాలా ముందు, ఒకసారి పాప్ స్మియర్‌లో (ముఖద్వారం నుంచి కణాలు తీసి చేసే పరీక్షలో) తేడా కనిపించిందని చెప్పి, గర్భాశయ ముఖద్వారం నుంచి కొంత భాగాన్ని కత్తిరించి తీశారు. తరువాత చేసిన పరీక్షలు బాగానే ఉన్నాయన్నారు కాబట్టి ఆ సంగతిని నేను పూర్తిగా మరచిపోయాను.

ఇటీవల మూత్రంలో మంటగా ఉందని వేరొక వైద్యురాలి వద్దకు వెళ్లాను. ఆవిడ నా పాత చరిత్ర అంతా అడిగి తెలుసుకుని, యోని పైభాగం నుంచి నమూనా తీసి పరీక్షకు పంపారు. రిపోర్టులో హై రిస్క్ హెచ్‌పీవీ (క్యాన్సర్‌కు దారితీయగల హ్యూమన్ పాపిలోమా వైరస్) పాజిటివ్ అనీ, 16, 18 రకాలు లేవు కానీ ఇతర రకాలు ఉన్నాయనీ, కణాల పరీక్షలో ఆస్కస్ అనీ రాశారు. కాల్పోస్కోపీ (భూతద్దంతో లోపలి పొరను చూసే పరీక్ష) చేయించుకోమని చెప్పారు. ఆ రోజు ఆవిడ వద్ద రోగులు ఎక్కువగా ఉండటం వల్ల నేను అడగవలసినవి అడగలేకపోయాను.

గర్భసంచే లేనప్పుడు ఈ వైరస్ ఎక్కడ ఉన్నట్టు? ఇది క్యాన్సర్ అని అర్థమా? ఇన్నేళ్ల కాపురం తరువాత ఇది ఎవరి నుంచి వచ్చినట్టు? మా వారికి ఈ మాట ఎలా చెప్పాలో తెలియడం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

నిశ్చింత:

తులసివనం గారూ, మీరు అనవసరంగా భయపడుతున్నారేమో అనిపిస్తోంది. మా పెద్దమ్మగారికి గర్భసంచి తీసివేసిన తరువాత ఇక ఇటువంటి పరీక్షలు ఏవీ అక్కరలేదని వారి డాక్టరుగారే స్పష్టంగా చెప్పారు. అవయవమే లేనప్పుడు దానికి పరీక్ష ఏమిటి? మీరు వేరొకరి అభిప్రాయం కూడా తీసుకోండి.

గైనకాలజీ వైద్యురాలు:

నిశ్చింత గారు చెప్పినది వారి పెద్దమ్మగారి విషయంలో సరైనదే అయి ఉంటుంది, కానీ అదే మాట తులసివనం గారికి వర్తించదు. గర్భసంచితో పాటు గర్భాశయ ముఖద్వారం కూడా తీసివేసి, అంతకు ముందు అక్కడ తీవ్రమైన కణ మార్పులేవీ లేని స్త్రీలకు స్క్రీనింగ్ (లక్షణాలు లేకపోయినా చేసే ముందస్తు పరీక్ష) అవసరం లేదని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2018లో సిఫారసు చేసింది. అయితే ముఖద్వారంలో సీఐఎన్ 2 గాని, సీఐఎన్ 3 గాని (ఆ తీవ్రమైన కణ మార్పులకు పెట్టిన పేర్లు) ఉండి చికిత్స పొందినవారిని ఆ సిఫారసు నుంచి మినహాయించారు. కాల్పోస్కోపీ నిపుణుల సంఘమైన ఏఎస్‌సీసీపీ 2019 మార్గదర్శకాల ప్రకారం, అటువంటివారు తరువాత గర్భసంచి తీయించుకున్నా సరే, చికిత్స జరిగినది మొదలు కనీసం 25 ఏళ్ల పాటు మూడేళ్లకొకసారి హెచ్‌పీవీ ఆధారిత పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. అందువల్ల మీ వైద్యురాలు పాత చరిత్ర అడిగి మరీ ఈ పరీక్ష చేయించడం మంచి వైద్యమే.

ఇక వైరస్ ఎక్కడ ఉన్నదన్న ప్రశ్న. హెచ్‌పీవీ రక్తంలో తిరిగే వైరస్ కాదు, అది చర్మాన్నీ, చర్మం వంటి పై పొరనూ ఆశ్రయించి ఉంటుంది. ముఖద్వారం వెలుపలి భాగాన్ని కప్పి ఉంచే పొర ఎటువంటిదో యోని గోడలను కప్పి ఉంచేదీ అటువంటిదే. లోపలి గది తీసేసినా దానికి దారితీసే వసారా అలాగే ఉండిపోయినట్టు, ఆపరేషన్ తరువాత కూడా ఆ పొర మిగిలే ఉంటుంది, దానిలో వైరస్ ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండగలదు. వయసు పెరగడం వల్లనో, రోగనిరోధక శక్తి తగ్గడం వల్లనో అది మళ్లీ పరీక్షకు అందే స్థాయికి చేరవచ్చు.

ఇది క్యాన్సర్ అని అర్థం కాదు. ఈ పరీక్ష వైరస్ ఉన్నదని మాత్రమే చెబుతుంది, వ్యాధి ఉన్నదని చెప్పదు. ఆస్కస్ అన్నది కణాలు కొంత భిన్నంగా కనిపించినా ఫలానా కారణమని తేల్చి చెప్పలేని స్థితికి పెట్టిన పేరు. నెలసరి ఆగిపోయిన వయసులో ఈస్ట్రోజెన్ తగ్గి యోని పొర పలచబడుతుంది, ఆ పలచబడిన కణాలే సూక్ష్మదర్శినిలో తేడాగా కనిపించి ఇటువంటి రిపోర్టు వచ్చిన సందర్భాలు తరచుగా చూస్తుంటాం. అటువంటప్పుడు కొన్ని వారాల పాటు ఈస్ట్రోజెన్ క్రీము వాడించి మళ్లీ చూడటం ఉంది. అది మీకు తగునా కాదా అన్నది, ముఖ్యంగా రొమ్ము క్యాన్సర్ వచ్చిన చరిత్ర ఉంటే, మీ వైద్యురాలే నిర్ణయించాలి.

కాల్పోస్కోపీలో వెదికేది యోని పొరలోని ముందస్తు మార్పులను. వాటిని వీఏఐఎన్ అంటారు, 1 నుంచి 3 వరకు దశలుంటాయి. 1వ దశ చాలామందిలో దానంతట అదే తగ్గిపోతుంది కాబట్టి సాధారణంగా గమనిస్తూ ఉంటే సరిపోతుంది. 2, 3 దశలకు లేజరు, ఆ భాగాన్ని కత్తిరించి తీయడం, ఇమిక్విమాడ్ లేదా ఫ్లోరోయురాసిల్ వంటి పూతమందులు ఉన్నాయి. ఇవి తిరిగి వచ్చే స్వభావం కలవి కనుక చికిత్స తరువాత కూడా పరీక్షలు మానకూడదు. యోని క్యాన్సర్ అయితే మొత్తం స్త్రీ జననాంగ క్యాన్సర్లలో 1, 2 శాతం మాత్రమే ఉండే అరుదైన వ్యాధి. రక్తపు మరకలు, దుర్వాసనతో కూడిన నీటి వంటి స్రావం, కలయిక తరువాత రక్తం కనిపించడం వంటివి ఉంటే మాత్రం ఇచ్చిన తేదీ దాకా ఆగకుండా ముందే వెళ్లండి.

మీరు ఒక పని చేయండి. గర్భసంచి ఆపరేషన్ నాటి డిశ్చార్జి సమరీ ఒక్కటే కాకుండా, తీసిన భాగాన్ని ల్యాబులో పరిశీలించి ఇచ్చిన హిస్టోపాథాలజీ రిపోర్టును కూడా వెదకండి. అందులో గర్భాశయ ముఖద్వారం ఉన్నదా లేదా, అక్కడ ఏమి కనిపించింది అన్న రెండు విషయాలు ఉంటాయి. కొన్ని ఆపరేషన్లలో ముఖద్వారాన్ని ఉంచి పైభాగాన్ని మాత్రమే తీస్తారు, అటువంటివారికి మామూలు స్క్రీనింగే కొనసాగాలి. పాత బయాప్సీ కాగితం కూడా దొరికితే మరీ మంచిది.

గోరింట:

తులసివనం గారూ, మీ రిపోర్టు వంటిదే నాకూ వచ్చింది, అందుకే రాస్తున్నాను. డాక్టరుగారు వైద్యం గురించి చెప్పారు, నేను ఆ గదిలో ఏమి జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే నన్ను ఎక్కువగా భయపెట్టింది ఆ పేరే.

పాప్ స్మియర్‌కు పడుకోబెట్టినట్టే పడుకోబెడతారు. కాల్పోస్కోప్ అన్నది బయటే స్టాండు మీద ఉండే భూతద్దం, అది లోపలికి రాదు. ముందు పలచని ఎసిటిక్ ఆమ్లాన్ని దూదితో అద్ది కాసేపు ఆగుతారు. చల్లగా, కొద్దిగా మంటగా ఉంటుంది. తేడా ఉన్న చోటు తెల్లగా తేలుతుంది. ఆ తరువాత అయోడిన్ ద్రావణం పూస్తారు, ఆరోగ్యంగా ఉన్న పొర ముదురు గోధుమరంగుకు మారుతుంది, అనుమానం ఉన్న చోటు పసుపుపచ్చగా మిగిలిపోతుంది. నెలసరి ఆగినవారిలో పొర పలచబడటం వల్ల కూడా రంగు సరిగా పట్టకపోవచ్చని నాకు అక్కడే చెప్పారు, కాబట్టి తెర మీద పసుపు మచ్చ కనిపించగానే కంగారు పడకండి. గర్భసంచి తీసినవారిలో యోని పైభాగాన వేసిన కుట్టుకు రెండు చివర్లా చిన్న మడతలు ఉంటాయి. మార్పులు ఆ మడతల్లో దాగి ఉండవచ్చని వాటిని విప్పి చూడటానికే ఎక్కువ సమయం తీసుకున్నారు. ఆ కదలిక ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. బయాప్సీ తీసినప్పుడు మాత్రం గిల్లినట్టు అనిపించింది, అంతకు మించి లేదు. అయోడిన్ మరక బట్టలకు అంటితే పోదు కాబట్టి ప్యాడ్ తీసుకుని వెళ్లండి. పరీక్షకు ముందు రెండు రోజులు కలయిక, లోపల పెట్టే క్రీములు వద్దన్నారు. మీకు డాక్టరుగారు క్రీము రాసి ఉంటే ఎప్పుడు ఆపాలో వారినే అడగండి.

ఇక నిద్ర సంగతి. ఫలితం వచ్చేదాకా ఉండే ఎదురుచూపు పరీక్ష కంటే కష్టమన్నది నా అభిప్రాయం. చుట్టూ ఉన్నవారు ఏమీ కాదులే అంటారు, ఆ మాట వారి మనసుకు ఊరటనిస్తుందేమో గాని మనకు కాదు. నాకు పనికివచ్చింది మాత్రం రాత్రిపూట ఫోనులో వెదకడం పూర్తిగా మానివేసి, మనసులోకి వచ్చిన ప్రశ్ననల్లా ఒక పుస్తకంలో రాసుకోవడం. మరుసటి రోజు చదివితే సగం ప్రశ్నలు ఒకటే ప్రశ్నకు రకరకాల రూపాలని తెలిసేది. మిగిలినవాటిని పరీక్షకు వెళ్లినప్పుడు పుస్తకం చూసి మరీ అడిగాను, డాక్టరుగారు విసుక్కోలేదు. ఎవరైనా ఒక్కరికి, మీ అక్కకో చెల్లెలికో స్నేహితురాలికో, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పదిమందికి చెప్పనవసరం లేదు, అప్పుడు పదిమంది సలహాలను మోయవలసి వస్తుంది.

తులసివనం:

గోరింట గారికీ, డాక్టరుగారికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. బీరువాలో పాత ఫైలు దొరికింది. ముఖద్వారాన్ని కూడా తీసినట్టూ, అందులో మార్పులేవీ లేనట్టూ ఆపరేషన్ నాటి రిపోర్టులో ఉంది. పాత బయాప్సీ కాగితంలో సీఐఎన్ 2 అని ఉంది. ఆనాడు ఆ అక్షరాలకు అర్థం ఏమిటో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కాల్పోస్కోపీకి తేదీ తీసుకున్నాను.

మా వారికి ఇంకా చెప్పలేదు. ఆయన నన్ను అనుమానిస్తారేమోనని ఒక భయం, నేను ఆయనను అనుమానిస్తున్నానేమోనని ఇంకొక భయం. వైరస్‌ను పోగొట్టే మందులు ఏవైనా ఉన్నాయా? అంతర్జాలంలో ఏవేవో గుళికలు, కషాయాలు కనిపిస్తున్నాయి.

గైనకాలజీ వైద్యురాలు:

మీ భయానికి జవాబు ఆ పాత బయాప్సీ కాగితంలోనే ఉంది. సీఐఎన్ 2 రావడానికి కారణం దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీయే. అంటే ఈ వైరస్ మీ శరీరంలోకి ప్రవేశించింది నిన్నా మొన్నా కాదు, ఆ బయాప్సీ నాటికే మీలో హెచ్‌పీవీ ఉంది. ఇప్పుడు కనిపించినది ఆనాటిదే మళ్లీ బయటపడినదై ఉండటానికి అవకాశం ఎక్కువ. ఒక ఇన్ఫెక్షన్ ఏ సంవత్సరంలో, ఎవరి నుంచి వచ్చిందో చెప్పగల పరీక్ష ఏదీ లేదు, కాబట్టి ఈ రిపోర్టును చూపి ఎవరి నడవడిక మీదా తీర్పు చెప్పడానికి వీలులేదు. దాంపత్య జీవితంలో ఉన్న స్త్రీ పురుషులలో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది, చాలామందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దానిని అణచివేస్తుంది, వారికి సోకిన సంగతి కూడా తెలియదు.

మీ వారికి చెప్పేటప్పుడు వైరస్ పేరుతో మొదలుపెట్టకుండా, చాలా ఏళ్ల క్రితం తీసిన ఆ ముక్క సంగతితో మొదలుపెట్టి, దాని తాలూకు పరీక్ష ఇదని చెప్పండి. అది నచ్చచెప్పడానికి అల్లిన మాట కాదు, జరిగిన క్రమమే అది. కావాలంటే కాల్పోస్కోపీ నాడు ఆయనను కూడా వెంట తీసుకువెళ్లి, ఆయన ప్రశ్నలను డాక్టరునే అడగమనండి. పురుషులకు దీని కోసం మామూలుగా చేసే పరీక్ష ఏదీ లేదు. మీరు దాంపత్య జీవితాన్ని ఆపుకోవలసిన పనీ లేదు, బయాప్సీ తీస్తే ఆ గాయం మానేదాకా కొద్ది రోజులు ఆగితే చాలు. ఒకే ఇంట్లో ఉండటం వల్లనో, దుస్తులు కలిపి ఉతకడం వల్లనో ఇది ఇతరులకు వస్తుందన్న భయం పెట్టుకోకండి.

గుళికల విషయంలో నేను కొంచెం కటువుగానే చెబుతాను. హెచ్‌పీవీని శరీరం నుంచి తొలగించే మందు ఇప్పటిదాకా లేదు. మనం చికిత్స చేసేది వైరస్‌కు కాదు, అది తెచ్చిన మార్పులకు. ఎవరైనా మూడు నెలల్లో నెగటివ్ చేస్తామంటే, అది శరీరం తనంతట తాను చేసుకునే పనికి వారు వసూలు చేసే డబ్బు. ముఖ్యంగా లోపల పెట్టుకునేవి ఏవీ వాడకండి, అవి పొరను రేపితే కాల్పోస్కోపీలో ఏది మార్పో ఏది వాపో తెలియకుండా పోతుంది. పొగతాగడం వల్ల వైరస్ నిలిచిపోయే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఆ అలవాటు ఉంటే మానాలి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నట్లయితే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

నిశ్చింత:

డాక్టరుగారు వివరించిన తేడా నాకు ఇప్పుడు అర్థమైంది, మా పెద్దమ్మగారికి అంతకు ముందు ఏ చికిత్సా జరగలేదు. ఇంకొక సందేహం. తులసివనం గారి వంటివారు ఇప్పుడు టీకా వేయించుకుంటే ఉపయోగం ఉంటుందా? వారి కూతుళ్లకు కూడా ఇది వచ్చే ప్రమాదం ఉందా?

గైనకాలజీ వైద్యురాలు:

టీకా కొత్తగా సోకకుండా కాపాడుతుంది, అప్పటికే ఉన్న వైరస్‌ను తొలగించదు, కాబట్టి ఈ రిపోర్టుకు చికిత్సగా దానిని వేయించుకోవడంలో అర్థం లేదు. ఇది వంశపారంపర్యంగా తల్లి నుంచి కూతురికి వచ్చే వ్యాధి కాదు. అయినా ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే టీకా గురించి ఆలోచించడానికి ఇదొక సందర్భం. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఒకటి లేదా రెండు మోతాదులు సరిపోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. పెళ్లయిన కూతుళ్లకు 30 ఏళ్లు నిండితే, తల్లి రిపోర్టు ఎలా ఉన్నా, వారి స్క్రీనింగ్ వారు మొదలుపెట్టవలసిందే. తులసివనం గారూ, కాల్పోస్కోపీకి వెళ్లేటప్పుడు ఆ రెండు పాత రిపోర్టుల నకళ్లను తీసుకువెళ్లి అక్కడి ఫైలులో పెట్టించండి.