అడవిలో నరుకుడు సినిమాలు: అయ్యో అనుకుంటూనే చూసేవాళ్ళున్నారా?

ఉగ్గాని_అక్క, కర్నూలు
ఇంట్లో అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇవే చూస్తున్నా. ఊరికి దూరంగా అడవి, కారు ఆగిపోవడం, ఆ తర్వాత మనుషుల్ని నరుకుడు. మామూలుగా కోడిని కోస్తుంటేనే చూడలేను. మీకూ ఇట్లానేనా? పిల్లల కంటబడకుండా ఏం చేస్తున్నారు?

పెన్నా_గట్టు, కడప
తప్పేముందక్కా. జాతరలో పొట్టేలును కొడుతుంటే ముందు వరుసలో నిలబడే మా చిన్నాయన, నా ఫోన్ చూసి "నీకు మనసెట్ల ఒప్పుతుంది రా" అంటాడు.

ఎండమావి, అనంతపురం
నవ్వుకోండి గానీ నేను చూసేది చెట్ల కోసం. వాన, పొగమంచు, ఎటు చూసినా పచ్చదనం. మా పక్క చెట్టు కనిపిస్తే బండి ఆపి నీడకు నిలబడతాం, ఇంక భయపడేదెక్కడ?

బురుజు_బాబు, కర్నూలు
అడవంటే మా నల్లమల. రాత్రయితే ఆత్మకూరు ఘాట్‌లో బండ్లు వదలరు. అక్కడ తీస్తే ఆ 2003 'రాంగ్ టర్న్' సినిమా ఎందుకూ పనికిరాదు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా కొండలంట, ఏముంది వాటిలో!

కుందూ_ఒడ్డు, నంద్యాల
మీ నల్లమల ఏంది సామీ? 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆత్మకూరు మాకొచ్చింది.

బురుజు_బాబు
కాగితం మీద గీత గీస్తే అడవి కదుల్తుందా? శ్రీశైలం కూడా నీదేనా?

కుందూ_ఒడ్డు
అదీ నంద్యాల జిల్లానే. మ్యాపు తీసి చూసుకో.

పెన్నా_గట్టు
మా వైపు శేషాచలం, లంకమల అడవుల మాటెత్తరేం ఇద్దరూ?

బడి_గంట, కర్నూలు
నల్లమలలో చెంచు గూడెంలో పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ 'రాంగ్ టర్న్'లో కొండల్లో బతికేవాళ్ళు మనుషుల్ని తినే వికారులు. కథ వెస్ట్ వర్జీనియాది, షూటింగ్ కెనడాలోని ఒంటారియోలో. వెస్ట్ వర్జీనియాలో కెమెరా కూడా పెట్టలేదు, చెడ్డపేరు మాత్రం అక్కడివాళ్ళకు! రేపు నల్లమలలో తీస్తే రాక్షసులుగా ఎవర్ని చూపిస్తారు, బాబూ? సిగ్గుపడితే దీనికి పడాలి, రక్తానికి కాదు.

బురుజు_బాబు
సార్, సినిమాను సినిమాలాగా చూడాలి. ఒంటారియో అని ఎవరు చెప్పారు మీకు? మా బావమరిది అమెరికాలోనే ఉన్నాడు.

బడి_గంట
చెంచుల గురించి అడిగితే బావమరిది గురించి చెబుతావేం?

మేకప్_మామ, అనంతపురం
నాటకాలకూ షార్ట్ ఫిల్ములకూ రక్తం చేసినోణ్ణి, నన్నడగండి. 1981 'ఈవిల్ డెడ్'లో కారిన రక్తంలో ఎక్కువ కార్న్ సిరప్, రంగు. మనకైతే చక్కెర పాకం, ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కాఫీ పొడి. ఆ పొడి పడకపోతే రోజ్‌మిల్క్‌లా ఉంటుంది. ఇది తెలిసి చూస్తే సగం భయం పోతుంది.

ఎండమావి
భయం పోయాక ఇంకెందుకు చూడటం?

ఉగ్గాని_అక్క
పిల్లల సంగతి ఎవరూ చెప్పలేదు.

పెన్నా_గట్టు
ప్రొఫైల్‌కు పిన్ పెట్టక్కా. మామా, ఆ పాకానికి చీమలు పట్టవా?

మేకప్_మామ
పట్టకుండా ఎట్లుంటాయి! మా శవం షాట్ మధ్యలోనే లేచి ఉరికింది.