పెంపుడు పిల్లిని బయట తిరగనివ్వాలా వద్దా? ఫోస్టర్ కూనల్ని ఇచ్చే దగ్గర గొడవైంది, మీ అభిప్రాయం చెప్పండి

పాలసీసా:
నాలుగు కూనలు ఫోస్టర్‌లో, అంటే పెంచుకునేవాళ్లు దొరికేదాకా సాకడానికి, ఉన్నాయండీ నా దగ్గర. వచ్చినప్పుడు ఇంకా కళ్లు తెరవలేదు, రెండు గంటలకోసారి లేచి కూనల పాలపొడి కలిపి బోర్లా పడుకోబెట్టి పట్టేదాన్ని, వెల్లకిలా పట్టుకుని తాగిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి కదా, తాగాక తడి దూదితో కింద తుడిస్తే తప్ప ఒంటేలు కూడా పోసేవి కావు. ఇప్పుడు 8 వారాలు. ఒక్కోటీ కిలోకి దగ్గర్లో ఉంది, పరదాలెక్కుతున్నాయి.

అడాప్షన్‌కి నా మొదటి షరతు ఎప్పుడూ ఒకటే, పిల్లి ఇంట్లోనే ఉండాలి. మొన్న ఒక కుటుంబం వచ్చి రెండు కూనల్ని జంటగా తీసుకుంటామన్నారు. మంచివాళ్లు, భయపడే కూన దగ్గర చెయ్యి చాపకుండా అది వచ్చేదాకా నేలమీద కూర్చున్నారు, అలా ఎంతమంది చేస్తారు? కానీ పెద్దయ్యాక బయటికి వదులుతాం అన్నారు. ఇవ్వను అన్నా. "ప్రాణమున్న జీవిని జీవితాంతం గదిలో పెట్టమంటారా" అని బాధపడి వెళ్లిపోయారు. నా షరతు వెనక కారణం ఉంది, అంతకుముందు నేను పెంచి ఇచ్చిన ఒక కూన ఏడాది నిండకుండానే రోడ్డు మీద పోయింది, ఆ ఫోన్ కాల్ ఇంకా మర్చిపోలేదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు, తల్లి లేని వీటికి ఆ ఇల్లేదో నేనే వెతకాలి. నేను చేసింది తప్పా?

గోడదూకుడు:
తప్పనే అంటానండీ, కోపం తెచ్చుకోకండి. పిల్లి మన ఒళ్లో పడుకున్నా లోపల ఉన్నది ఆఫ్రికా అడవిపిల్లే, ఫెలిస్ లైబికా, వేల ఏళ్లు మనతో ఉన్నా దాని ఒళ్లు పెద్దగా మారలేదు. మాంసం లేకపోతే టారిన్ అనే పోషకం అందక గుండె, కళ్లు పాడవుతాయి, అంత పక్కా వేటగత్తె. పులి ఎలా మాటు వేస్తుందో ఇదీ అలాగే వేస్తుంది, పొట్ట నేలకానించి, తోక చివర మాత్రం కదుపుతూ. అలాంటి దాన్ని నాలుగు గోడల మధ్య పెట్టి గిన్నెలో గింజలు పోస్తే ఏమవుతుందో నేను చూశా. మా పిల్లి మూడేళ్లు లోపలే ఉంది, బాగా లావైంది, పొట్ట మీద బొచ్చంతా నాకి నాకి ఊడగొట్టుకుంది, మూత్రంలో రక్తం పడితే వెట్ అన్ని టెస్టులూ చేసి ఇన్ఫెక్షన్ లేదు, రాళ్లు లేవు, ఇది ఒత్తిడి వల్ల అన్నారు. పెరట్లోకి వదలడం మొదలుపెట్టాక నెలల్లో తేరుకుంది. బ్రిటన్‌లో పిల్లులు బయట తిరగడం మామూలే, అక్కడ పక్షుల కోసమే పనిచేసే ఆర్‌ఎస్‌పీబీ కూడా తోటల్లో పిల్లుల వల్ల దేశం మొత్తం మీద పక్షులు తగ్గిపోతున్నాయనడానికి స్పష్టమైన ఆధారం లేదనే చెబుతుంది.

రాత్రిచూపు:
బ్రిటన్ అన్నారు కాబట్టి అక్కడి సంగతే ఇంకోటి చెబుతా. స్కాట్లండ్ అడవిపిల్లి దాదాపు పోయింది. ఒకప్పుడు వేటాడి చంపారు, అడవులు కొట్టేశారు, అది నిజమే, కానీ మిగిలిన కొద్దివాటిని ముంచుతున్నది ఊళ్లోంచి వచ్చే పిల్లులతో జతకట్టడం, పుట్టే ప్రతి తరంలో అడవి రక్తం పలచబడిపోతుంది. 2023 నుంచి అక్కడి కెయిర్న్‌గార్మ్స్ కొండల్లో పెంచిన అడవిపిల్లుల్ని తెచ్చి వదులుతున్నారంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

ఇంకా పెద్ద జంతువు కావాలంటే ఫ్లోరిడా పాంథర్, అంటే అక్కడి ప్యూమా, పిల్లి జాతిలోనే పెద్ద మృగం. 2000 తర్వాత మొదటి ఐదేళ్లలోనే వాటికి ఫెలైన్ లుకేమియా అనే పిల్లుల ప్రాణాంతక వైరస్ వచ్చింది, కనీసం 5 జంతువులకి సోకింది, అప్పటికి అవి వందలోపే ఉన్నాయి. వైరస్‌ని పరీక్షిస్తే పెంపుడు పిల్లుల నుంచి వచ్చినట్టు తేలింది. ప్యూమా పిల్లిని తింటుంది, పిల్లిలోని జబ్బు దానికెక్కుతుంది, అంతే. తర్వాత పాంథర్లని పట్టి టీకాలు వేశారు. 2007లో స్పెయిన్‌లో ఐబీరియన్ లింక్స్ అనే అడవిపిల్లికి కూడా ఇదే వైరస్ తగిలింది. అమెరికాలో పిల్లులు ఏడాదికి 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షుల్ని చంపుతున్నాయని 2013లో ఒక అంచనా వచ్చింది. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటాం కదా, ఆ ఎలుక స్థానంలో ఎవరున్నారో చూడాలి. "మా పిల్లి అలాంటిది కాదు" అనే మాట ఎవరు చెప్పినా నేను నమ్మను. అది తెచ్చి గుమ్మంలో పెట్టేవే మీకు కనిపిస్తాయి.

గోడదూకుడు:
మీరిచ్చిన అంకెలోనే ఇంకో ముక్క ఉంది, మీరు వదిలేశారు. ఆ పక్షుల్లో ఎక్కువ భాగం చంపేది యజమాని లేని పిల్లులని ఆ అంచనాలోనే ఉంది. మరి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, టీకాలు వేయించి, రాత్రి లోపలికి పిలిచి తలుపేసుకునే మనిషి మీద కేసు పెడితే ఎలా? అడవిపిల్లితో జతకట్టేది ఆపరేషన్ కాని పిల్లి, లుకేమియా మోసేది టీకా లేని పిల్లి. మీ కోపం సరైనదే కానీ తప్పు తలుపు తడుతున్నారు.

రాత్రిచూపు:
ఒప్పుకుంటా, ఎక్కువ భాగం వాటిదే. కానీ మిగిలిన భాగం కూడా కోట్లలోనే. ఆపరేషన్ అయిన పిల్లి పిట్టని పట్టకుండా ఉండదు, కడుపు నిండినా పడుతుంది, ఆకలీ వేటా వేరు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో 2022 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లుల్ని యజమానులు తమ ఆవరణ దాటనివ్వకూడదు. జర్మనీలో వాల్‌డోర్ఫ్ అనే ఊళ్లో అదే ఏడాది క్రెస్టెడ్ లార్క్ అనే నేలమీద గూడు పెట్టే పిట్ట కోసం ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పిల్లుల్ని లోపలే ఉంచమన్నారు. వాళ్లకీ పిల్లులంటే ఇష్టమే.

సూదిమందు:
వెట్ క్లినిక్‌లో పనిచేస్తాను, నేను చూసేది చెబుతా. బయట తిరిగే పిల్లులు వచ్చేది కాట్లతో, చీము గడ్డలతో, విరిగిన నడుముతో, రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ వైరస్ కూడా ఎక్కువగా కాటు వల్లే వస్తుంది. లోపలి పిల్లులు వచ్చేది లావుతో, షుగర్‌తో, గోడదూకుడు గారు చెప్పిన ఒత్తిడి మూత్రం సమస్యతో. రెండు రకాలూ ఏడిపిస్తాయి, కాకపోతే రెండో రకంలో చాలావాటికి మనం ఏదో ఒకటి చేయగలం. రోడ్డు మీద పడినదానికి చాలాసార్లు చేయడానికేం ఉండదు.

ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు 2021లో బయట తిరిగే పిల్లుల మీదే పరీక్షించారు. మాంసం ఎక్కువున్న తిండి పెడితే ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది, రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఈకల కర్రతో వేటలా ఆడిస్తే 25 శాతం తగ్గింది. మెడలో గంట కడితే మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు దీంట్లో అర్థమైంది ఏంటంటే వేటాడే కోరికలో కొంత మనింట్లోనే తీర్చొచ్చు. పాలసీసా గారూ, మీ అడాప్షన్ ఫామ్‌లో "ఇంట్లోనే ఉండాలి" అని ఉంది సరే, లోపల ఏం చేయాలో ఉందా?

పాలసీసా:
లేదండీ, ఒక్క లైను కూడా లేదు. నాలుగుసార్లు చదివా మీ పోస్టు. తలుపు మూయమని మాత్రమే రాశాను, ఆ గదిలో పిల్లి పదిహేనేళ్లు ఏం చేస్తుందో రాయలేదు.

బయటికి వదలను, ఆ మాట మీద మాత్రం ఉంటాను, రాత్రిచూపు గారు చెప్పిన పాంథర్ సంగతి తెలిశాక ఇంకా గట్టిగా ఉంటాను. కానీ గోడదూకుడు గారి పిల్లి పొట్ట కూడా కళ్లముందు ఆడుతోంది. ఇవాళ ఫామ్ మార్చాను. ఎక్కి కూర్చోడానికి ఎత్తైన చోటు, బలమైన మెష్ బిగించిన కిటికీ లేదా బాల్కనీ, రోజూ రెండు పూటలా వేట ఆట, వీలైతే రెండు కూనలు కలిపి, పట్టీ వేసి తిప్పుతామంటే నాకు అభ్యంతరం లేదు, ఆపరేషన్ మాత్రం నాలుగు నెలలు దాటకముందే, ఎందుకంటే ఆ వయసుకే కడుపుతో ఉన్న పిల్లిని చూశాను.

గోడదూకుడు:
మెష్ వేసిన బాల్కనీలో ఎండ పడాలని కూడా రాయండి. మా పిల్లి బయటికి వెళ్లాక సగం సేపు చేసేది ఎండలో పడుకోవడమే, నిజం చెప్పాలంటే. నేను మా దాన్ని లోపల పెట్టను, దానికి ఇప్పుడు తొమ్మిదేళ్లు, అలవాటు మార్చలేను. కానీ పక్షులు గూళ్లు పెట్టే నెలల్లో తెల్లారుజామునా సాయంత్రం తలుపు తీయను, అది మాత్రం ఇవాళ్టి నుంచి చేస్తా.

పాలసీసా:
రాశానండీ, ఎండ. ఆ కుటుంబానికి ఫోన్ చేశాను ఇందాక. వాళ్లింటి వెనక గోడకి ఆనుకుని మెష్‌తో గూడులా కట్టడానికి చోటుందట, ముందు కొలతలు తీసి చెబుతామన్నారు. భయపడే కూన ఎలా ఉందని అడిగారు.