మితానుభవుడా, అమితానుభవుడా?

కొత్తపేట, గుంటూరు: మొన్న ఆదివారం గుడిలో బైబిలు పాఠం చదువుతుంటే "ఏకపత్నీ పురుషుడును అమితానుభవుడును" అని వినబడింది. పండగపూట రెండోసారి పలావు వడ్డించబోతే మా నాన్నగారు చెయ్యి అడ్డం పెట్టి "మితానుభవుడు" అనేవారని గుర్తు. చిన్నప్పుడు విన్నది కదా, ఖాయంగా చెప్పలేను. ఏది సరి? ఇది తిండికా, తాగుడుకా, అన్నిటికీనా?

పటమట: మితానుభవుడే అండీ, సంఘ అధ్యక్షుడు ఎలా ఉండాలో పౌలు తిమోతికి రాసిన చోట, మొదటి తిమోతి 3:2. ముందు మాట చివర 'ను' ఉంది, ఆగకుండా చదివితే "పురుషుడునమితా" అని మీకు లేని అకారం వినబడుతుంది, అర్థం తలకిందులవుతుంది. కామా దగ్గర ఆగి చదవాలని ఎన్నిసార్లు చెప్పినా వినరు.

బ్రాడీపేట మాస్టారు: 'అ' సంగతి తేలికే. నా పేచీ 'అనుభవం' మీద. ఇవాళ అనుభవం అంటే పదేళ్ల సర్వీసు. మితానుభవుడంటే అనుభవం తక్కువున్నవాడని ఒక పిల్లవాడు రాశాడు, వాడిని తప్పుపట్టలేకపోయాను. ఆస్తి అనుభవించడం, సుఖం అనుభవించడం అంటామే, ఆ అనుభవం ఇది. ఉన్నదాన్ని కొలతలో అనుభవించేవాడు, అంతేగాని మానేసినవాడు కాడు.

గుణదల: మాస్టారూ, మూలభాష గ్రీకులో అక్కడున్నది నేఫాలియొస్. ద్రాక్షారసం ముట్టనివాడు, మత్తులో లేనివాడు అని దాని అర్థం. కాబట్టి తాగుడు గురించే.

బ్రాడీపేట మాస్టారు: అలాగైతే మూడో వచనంలో మద్యపాని కాకూడదని మళ్లీ ఎందుకమ్మా? ఎనిమిదో వచనంలో సంఘ పరిచారకులకైతే "మిగుల మద్యపానాసక్తులు" కాకూడదన్నాడు. ఆ 'మిగుల' చూడండి.

పటమట: ఆ 'మిగుల' పట్టుకునే కొంచెమైతే పర్లేదంటారు. తాగుడు వల్ల మా ఇంట్లో ఒక మనిషిని పోగొట్టుకున్నాం, ఆ మాట చదివినప్పుడల్లా నాకు టెన్షనే. తిమోతిని కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నది కడుపు జబ్బుకి, విందుకి కాదు.

తెనాలి: మితం అన్నప్పుడల్లా నాకు జాషువా గుర్తొస్తారు. ఆయన గబ్బిలం కావ్యంలో ఆ తంజావూరు పేదవాడు గుడిలోకి పోలేడు, గబ్బిలం పోగలదు, అందుకే దానితో శివుడికి కబురు పంపుతాడు. కడుపు నిండని ఆ మనిషికి ఏం మితం చెబుతాం? కొరింథులో కూడా ప్రభువు రాత్రి భోజనపు బల్ల దగ్గర ఒకడు ఆకలిగొంటే మరొకడు మత్తుడయ్యాడని కదా పౌలు కోప్పడింది (మొదటి కొరింథీ 11:21). తిండీ తాగుడూ అక్కడ ఒకే తప్పు, పక్కవాడికి మిగల్చకపోవడం.

బ్రాడీపేట మాస్టారు: బాగా పట్టుకున్నావు తమ్ముడూ. నాకు మాత్రం గబ్బిలం కన్నా క్రీస్తు చరిత్రే ముందు, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది దానికే. వినుకొండలో పుట్టి గుంటూరులో కన్నుమూసిన కవిని మనవాళ్లే సరిగ్గా చదవరు.

గుణదల: నా నేఫాలియొస్‌కి జవాబు రాలేదు. మేం ఈస్టరు ముందొచ్చే తపస్సు కాలంలో శుక్రవారం మాంసం మానేస్తాం. మానడం కూడా మితమే అంటాను.

బ్రాడీపేట మాస్టారు: అది ఆశానిగ్రహం అమ్మా, గలతీ 5:23. గ్రీకులో ఎంక్రతెయ. మొదటి కొరింథీ 9:25లో పందెగాడు "మితముగా ఉండును" అన్నచోటా అదే ధాతువు. ఒక మాటకి అక్కడ నిగ్రహం, ఇక్కడ మితం!

కొత్తపేట, గుంటూరు: నాన్నగారి పాత బైబిలు అమ్మ దగ్గరుంది. ఆ వచనం పక్కన ఆయన పెన్సిలుతో ఏమైనా రాసుకున్నారేమో రేపు వెళ్లి చూస్తాను.