మెథడిస్ట్ క్రైస్తవ కుటుంబం: వీలునామా లేకుండా భర్త పోతే ఎవరికి ఎంత?

ప్రశ్న (జహీరాబాద్ వైపు)
పెద్దాయన వీలునామా రాయకుండానే పోయారు. ఆయన పేరు మీద ఇల్లు, 9 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నాయి. భార్య, పెద్దకొడుకు, కూతురు ఉన్నారు. చిన్నకొడుకు అంతకుముందే పోయాడు. అతని భార్య, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. పెద్దాయన తల్లి తనకూ వాటా కావాలంటున్నారు. నామినీ పెద్దకొడుకే, డిపాజిట్ మొత్తం తనదే అంటున్నాడు. ఇంకో చిక్కు, చర్చి పెళ్లి రిజిస్టరులో పెద్దాయన భార్య పేరు రూతమ్మ, ఆధార్‌లో రత్నమ్మ. ముందు ఏం చెయ్యాలి?

జవాబు (‘పాత దస్తావేజు’ పేరుతో రాసేవారు)
క్రైస్తవులకు వర్తించేది 1925 భారత వారసత్వ చట్టం. సెక్షన్ 33 ప్రకారం పిల్లలుంటే భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. డిపాజిట్‌లో ఆమెకు 3 లక్షలు, కొడుక్కి 2, కూతురికి 2. చిన్నకొడుకు వాటా 2 లక్షలు అతని పిల్లలకు చెరో లక్ష. చిన్న కోడలికి నేరుగా ఏమీ రాదు, ఇది చాలామందికి మింగుడు పడదు. పిల్లలుండగా పెద్దాయన తల్లికీ రాదు. ఇంటికీ ఇదే లెక్క. నామినీ డబ్బు తీసుకుని వారసులకు పంచాల్సినవాడే తప్ప యజమాని కాడు.

జవాబు (రిజిస్టర్ల గది)
పేరు సంగతి ముందు తేల్చండి, లేకపోతే ప్రతి కౌంటరు దగ్గరా ఆగిపోతారు. పాస్టరు దగ్గర పెళ్లి రిజిస్టరు ధ్రువీకృత నకలు తీసుకుని, ‘రూతమ్మ, రత్నమ్మ ఒక్కరే’ అని నోటరీ అఫిడవిట్ జతచేయండి. పిల్లల బాప్తిస్మ నకళ్లలో తల్లి పేరు ఎలా ఉందో కూడా చూడండి, అక్కడ మూడో పేరు బయటపడే అవకాశం ఉంది.

తర్వాత మరణ ధ్రువపత్రం, మీసేవ ద్వారా తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. డిపాజిట్ మీద తగాదా ఉంది కాబట్టి కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తప్పదు. అది పోయినాయనకు రావాల్సిన బాకీలకు, డిపాజిట్లకే. ఇంటికి పనికిరాదు. మున్సిపాలిటీలో పేరు మారితే పన్ను రసీదు మారుతుంది, అంతే, హక్కు రాదు.

జవాబు (గడి మూల)
పెద్దాయన తల్లి మాట అంత తేలిగ్గా తీసెయ్యకండి. పెద్దాయన కుల ధ్రువపత్రంలో ‘ఎస్సీ, హిందూ’ అని ఉందా? క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సీలోకి (వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు) వస్తారు, కానీ కాగితం మార్చుకోని ఇళ్లు బోలెడు. ఆ కాగితం పట్టుకుని ఆయన హిందువే అని వాదిస్తే లెక్క మారిపోతుంది. హిందూ వారసత్వంలో తల్లికీ వాటా ఉంది, 9 లక్షలు అయిదు భాగాలై, భార్యకు వచ్చే 3 లక్షలు కాస్తా 1.80 లక్షలవుతుంది. అందుకే బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్ల నకళ్లు ఇప్పుడే తీసి పెట్టుకోవాలి.

జవాబు (పాత దస్తావేజు)
అవును, ఆ కోణం ముఖ్యం. ఇంకొకటి, కూతురు తన వాటా తల్లికి వదులుకుంటానంటే తెల్లకాగితం మీద సంతకం చెల్లదు. ఇంటి విషయంలో హక్కు విడుదల పత్రం సబ్‌రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు కావాలి. మైనర్ మనవలది మాత్రం కోర్టు అనుమతి లేకుండా ఎవరూ వదలలేరు, అమ్మలేరు.

రేపు రూతమ్మ వీలునామా రాస్తే ఇద్దరు సాక్షులు కావాలి. ఆస్తి పొందేవారిని గానీ, వారి భార్యనో భర్తనో గానీ సాక్షిగా పెట్టకండి. సెక్షన్ 67 ప్రకారం వీలునామా నిలుస్తుంది గానీ వాళ్లకు రాసింది పోతుంది. కూతురికి ఇంట్లో తన వాటా రాసి అల్లుడితో సాక్షి సంతకం పెట్టిస్తే కూతురికే దెబ్బ. పాస్టరు, చర్చి పెద్ద సాక్షులుగా ఉండొచ్చు, వాళ్లకేమీ రాయనంతవరకు.