బ్రిటిష్ రాక్ బృందం జెత్రో టల్ ఆల్బమ్ 'లివింగ్ ఇన్ ద పాస్ట్' కొత్త సెట్ కొనొచ్చా?

ప్రశ్న: నా దగ్గర 1972 నాటి డబుల్ ఎల్పీ (రెండు రికార్డులు) ఉంది. మూడో సైడు నిండా గీతలే. సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ పాత టేపుల నుంచి చేసిన రీమిక్స్‌లతో పెద్ద సెట్ వచ్చిందిగా, తీసుకోమంటారా?

జవాబు: మూడో సైడంటే న్యూయార్క్ కార్నెగీ హాల్ కచేరీ లైవే కదండీ! ఎల్పీలో అక్కడివి రెండే ముక్కలు. కొత్త సెట్లో ఆ 1970 కచేరీలోని మిగతా పాటలూ ఉన్నాయి. నేనైతే దానికోసమే కొంటా.

ఇంకో జవాబు: టైటిల్ పాట 5/4 (ఐదేసి దెబ్బల లెక్క) కదా, ఖండగతి అలవాటున్న మా మృదంగం మాస్టారు వెంటనే తొడ మీద తాళం అందుకున్నారు. కొత్త మిక్స్‌లో బృందంలోని గ్లెన్ కార్నిక్ బాస్ గిటార్ స్పష్టంగా పలుకుతుంది.

అడిగినవారు: సరే, కొంటున్నా. ఎల్పీ మాత్రం అమ్మను. ఆ ఫొటోల బుక్‌లెట్ ఎవరికిస్తాను?